మంచులో గాలి

చచ్చిపోయిన మా మావయ్యను నేనొకసారి కాసేపు బతికించాను. నేను డాక్టర్ని కాను. విజయనగరంలో మా డాబా మీది గదిలో కూర్చుని, కంప్యూటర్లో సినిమాలకు మంచు తయారుచేస్తాను. ఆ రెండింటికీ ఏమిటి సంబంధమని మీరడుగుతారు. ఆ రోజు చావింట్లో వాళ్లూ అదే అడిగారు.

అప్పటికి కొన్ని వారాలుగా ఒక మంచు గుహతో కుస్తీ పడుతున్నాను. హైదరాబాదులో ఉండే మా పై అధికారి చూసినప్పుడల్లా ఒకటే మాట: "ఇది మంచు కాదయ్యా, కిటికీ అద్దం." రంగు మార్చాను, నునుపు తగ్గించాను. అద్దం కాస్తా పటికబెల్లమైంది. ఇంకొంచెం కష్టపడితే సబ్బయింది. ఈ పని చెడితే ఇంకోటి ఇవ్వరన్న భయంతో అన్నం తింటున్నా మంచే, స్నానం చేస్తున్నా మంచే.

అలాంటప్పుడు మావయ్య పోయాడు. మా అమ్మకు అన్న. నౌపడ దగ్గర వ్యవసాయం. నేను ఇంజినీరింగు వదిలేసి కంప్యూటర్లో బొమ్మలు చేస్తానంటే ఇంటిల్లిపాదీ మీదికొచ్చినప్పుడు, "ఆడికి నచ్చింది సెయ్యనీండి" అని అడ్డం నిలబడ్డ ఒకే ఒక్క మనిషి.

అమ్మా నేనూ వెళ్లేసరికి ఆయన్ని వాకిట్లో బల్ల మీద పడుకోబెట్టారు. కూతురు భువనేశ్వర్ నుంచి రావాలి. ముందురోజు గాలివానకు కరెంటు పోయింది, ఫ్రీజర్ పెట్టె తెచ్చినా పనిచేయదు. అందుకని భావనపాడు నుంచి చేపలకు వాడే ఐసు దిమ్మలు తెప్పించి, ఆయనకు రెండు వైపులా పేర్చారు.

అత్త ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ముందే చెబుతున్నాను, తరవాత మీరు నమ్మరు. కళ్లు తుడుచుకుంటే ఎదురుగా ఐసు దిమ్మ కనిపించింది. అంచులు తేటగా ఉన్నాయి. నడిమధ్య పాలపొగలాంటి తెలుపు. ఆ తెలుపులోంచి అంచుల వైపు వెంట్రుకల్లా సన్నని బుడగల గీతలు. అప్పుడు అర్థమైంది, నేను చేసిన మంచుకు లోపలనేదే లేదని.

చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ఫోన్ టార్చి వెలిగించి, దిమ్మ వెనక పెట్టి, మావయ్య ఛాతీ పక్కన వంగి, ఒక కన్ను మూసి చూశాను.

"ఏటి సూస్తన్నావురా అక్కడ?" అంది అత్త.

నా మనసంతా మంచులో ఉంది. "లోపల గాలున్నాదత్తా," అన్నాను.

వాకిట్లో ఏడుపు ఆగిపోయింది.

"ఏటన్నావు?"

"గాలత్తా. సన్నగా ఉన్నాది. బయటికొద్దామని సూస్తన్నట్టున్నాది."

అత్త లేచి నిలబడింది. మావయ్య కొడుకు, మా బావ, వీధిలోకి పరిగెత్తాడు. "ఒరే, డాక్టరుబాబుని తీసుకురండి. నాన్నకి ఊపిరున్నాదంట."

దిమ్మలు పక్కకు నెట్టేశారు. ఒకరు అరికాళ్లు రుద్దుతున్నారు, ఒకరు దుప్పటి కప్పుతున్నారు. "మావకి కాదు, ఐసుకి," అని నేను మొత్తుకుంటున్నాను. విన్నది పక్కనున్న ఒక ముసలాయన ఒక్కడే. "ఐసుకి ఊపిరేటిరా," అని నా రెక్క పట్టుకుని అవతలికి లాగేశాడు.

డాక్టరు వచ్చి, నాడి చూసి, గుండె మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. అత్త మళ్లీ కింద కూర్చుంది. ఆ కూర్చోవడం నేనిప్పటికీ మరిచిపోలేదు.

బావ నా చేతిలో ఇంకా వెలుగుతున్న ఫోన్ చూశాడు. "నువ్వు సూసిందేటిరా?"

చెప్పాను.

"సినిమాకా?"

"సినిమాకే, బావా."

అతను వెళ్లి, నెట్టేసిన దిమ్మలను మళ్లీ నాన్న పక్కన పేర్చడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

గుహ పూర్తయింది. బుడగలు పెట్టి పంపిస్తే పై అధికారి, "ఇప్పుడు చలేస్తోందయ్యా," అన్నాడు. నాకు సంతోషం కలగలేదు.

పెద్దకర్మ నాడు అత్త దగ్గరికెళ్లి నిలబడ్డాను. "తప్పయిపోనాదత్తా."

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వామాట అనీసరికి నాకేటి గుర్తొచ్చినాదో తెలుసా? పొయ్యి ఎలిగించనేదని. లేచి అన్నమడిగితే ఏటెట్టాలా అని హడలిపోనాను."

అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

ఆనాటి నుంచీ నాదొక కఠోర నియమం. పరామర్శకు వెళితే ఫోన్ గుమ్మం బయటే ఎవరి చేతికైనా ఇచ్చేస్తాను. చేతులు కట్టుకుని కూర్చుంటాను. ఎవరు ఏమడిగినా, "ఏమీ లేదండీ," అనే అంటాను. ఉన్నా సరే.