సీసాలు చూసే చోటు

దాజీ పేట్‌లో మా సందు చివర ఉన్న రంగు సోడాల కార్ఖానా మొదట్లో మగ్గాల షెడ్డు. కప్పు చూస్తేనే తెలిసిపోతుంది. రంపం పళ్ళలా వరుసగా లేచి ఉంటుంది, ప్రతి పంటికీ ఉత్తరం వైపు అద్దాలు. ఎండ పడకుండా వెలుతురు మాత్రమే దిగాలని, తెగిన పోగు కనబడాలని అలా కట్టారు. సోడా షేటు కొన్నాక ఆ అద్దాలన్నిటికీ నల్లరంగు పూయించాడు. పేటలో నేతవాళ్ళందరికీ ఒళ్ళు మండింది, నాకు మరీను.

రంగు ఎందుకో నా భార్య చెప్పింది. ఆమె అక్కడ సీసాలు చూసే పనిలో ఉండేది. దీపపు పెట్టె ముందు కూర్చుని, ఎదురుగా కదిలిపోయే ప్రతి సీసాలో నలక ఉందేమో చూడాలి. చుట్టూ వెలుతురుంటే నలక కనబడదట. ఇంట్లో కూడా నీళ్ళ గ్లాసు కిటికీకేసి ఎత్తి చూసిగానీ నాకిచ్చేది కాదు. "సీసాలు సూసుడు అయిపోయింది, ఇగ నన్ను సూడు" అని ఏడిపించేవాణ్ణి.

పనివాళ్ళ ఇంటివాళ్ళను కార్ఖానా లోపలికి రానిచ్చేది ఏడాదికి ఒక్కరోజే, యంత్రాలకు పూజ చేసే ఖండే నవమి నాడు.

"ఈసారన్న రారాదు, నేను కూసునే జాగ సూద్దువు" అనేది.

ఆ రోజే మా సాంచాకూ పూజ. మరమగ్గాన్ని మేం సాంచా అంటాం.

"సాంచాను ఇడిసిపెట్టి సోడా బుడ్లకు దండం పెట్టాల్నా?" అని కసిరేవాణ్ణి. ఆమె మా సాంచాకు బొట్టు పెట్టి, ఒక్కతే వెళ్ళేది.

తర్వాత కార్ఖానా మూతపడింది, సాంచా తుక్కుకు పోయింది. ఆమె పోయి రెండేళ్ళయింది. షెడ్డు పడగొట్టి పెళ్ళిళ్ళకు మంగళ కార్యాలయం కడతారని విన్నాక, ఈ ఖండే నవమికి పొద్దున్నే స్నానం చేసి వెళ్ళాను. ఇంట్లో పూజ చేయడానికి ఏమీ లేదు.

కాపలా మనిషి తలుపు తీశాడు. తలుపు నుంచి మూడో చోటు తనదని ఆమె చెప్పేది. నేలలో పాతిన ఇనుప స్టూలు, ఎదురుగా దీపపు పెట్టె ఇంకా ఉన్నాయి. పెట్టె చెక్క మీద ఏటేటా పెట్టిన కుంకుమ బొట్లు, ఒకదాని కింద ఒకటి. కూర్చుంటే మోకాళ్ళు పెట్టె కింది గోడకు తగిలాయి. ఇన్నేళ్ళు ఇంత ఇరుకులో కూర్చుందా అని ఏడుపొచ్చింది.

"మీరు గూడ ఈడ కామ్ చేసిండ్రా, కాకా?" అని అడిగాడతను.

"మా ఇంటామె చేసింది."

"పండుగకు ఇంటోళ్ళను రానిస్తుండిరంట గదా. అప్పుడు సూసే ఉంటరు."

"రానిస్తుండిరి," అన్నాను. "నేనే రాలే."