నాటు వరుస

జాతీయ అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌నని చెబితే, ఏ దేశంలో కోర్సు చేశారని అడుగుతారు. కోర్సులు చేశాను, కాదనను. డిఫెన్స్ మాత్రం నర్మెట్టలో మా అవ్వ దగ్గర నేర్చుకున్నాను. మా ఇంట్లో అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

అవ్వ నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు పెద్ద. నాటు వేసేటప్పుడు అందరూ నడుం వంచి, వెనక్కి అడుగులు వేస్తూ, ఒకే వరుసలో కదలాలి. ఒకరు ఆగినా, ఒకరు తొందరపడినా వరుస వంకర పోతుంది, అవ్వ నోరు లేస్తుంది. చూపు నారు మీద, చెవి పక్కవాళ్ల అడుగు మీద ఉండాలనేది. పొద్దుగూకి గట్టెక్కాక, బాగా చేసినవాళ్లతో "వరుస చెడగొట్టలే" అనేది. ఆమె నోట అంతకు మించిన మెప్పు లేదు. ఆ మాట నాకు ఒక్కనాడూ దక్కలేదు. బంతి కోసం నాటు మధ్యలోనే పారిపోయేదాన్ని మరి.

కోసిన పొలాల్లో మొదలైన ఆట మానుకోట, భూపాలపల్లి మైదానాల మీదుగా నన్ను దేశం జెర్సీ దాకా తీసుకెళ్లింది. ఏళ్లపాటు వెనక లైన్‌లో ఆడాను. నన్ను దాటి పోవడం ఎవరికీ అంత తేలిక కాలేదు. గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, చెప్పుకుంటాను. మోకాలు మొరాయించాక కోచ్‌నయ్యాను.

మొదటి టోర్నీలోనే పీకల మీదికి వచ్చింది. వరుసగా ఓడాం. తర్వాతి మ్యాచ్ కూడా పోతే బయటి దేశపు కోచ్‌ను తెస్తామని ఫెడరేషన్ పెద్దలు మొహం మీదే చెప్పారు. మా డిఫెండర్లు నలుగురూ తలో దిక్కు. ఒకమ్మాయి ముందుకు పోతే ఇంకొకమ్మాయి వెనకే నిలబడేది, ఆ సందులోంచి గోల్ పడేది. బోర్డు మీద గీతలు గీసి గీసి విసిగిపోయాను.

చివరికి గ్రౌండు మూలన నీళ్లు పెట్టించి బురద చేయించాను. నలుగురి చేతా షూలు విప్పించి, చేతికి గరిక ఇచ్చి, వంగి నాటుతూ వెనక్కి నడవమన్నాను. తల తిప్పడానికి వీల్లేదన్నాను. తోటి కోచ్‌లు పగలబడి నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. పిల్లలు మొదట ఒకరి మీద ఒకరు పడ్డారు, నన్ను లోలోపల తిట్టుకున్నారు కూడా. పక్కవాళ్ల అడుగు చెవికి అందాక వరుస నిలబడింది.

ఆ మ్యాచ్‌లో ఒక్క గోల్‌తో గెలిచాం. ఆఖరి నిమిషాల్లో అవతలి జట్టు మా మీదికి దూసుకొస్తుంటే మా నలుగురూ ఒక్క మనిషిలా కదిలారు. గుండె ఉప్పొంగిందంటే అది చిన్న మాట.

అవ్వ ఇంట్లో తన గుంపు ఆడవాళ్లతో కలిసి టీవీలో చూసిందట. ఏ గోల్ ఎవరిదో ఆమెకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఫోన్ చేసి ముందు తిన్నావా అని అడిగింది. తర్వాత ఆట మాట ఎత్తింది.

"గా ఎనుక నలుగురు పోరిలను జూసిన బిడ్డా. నువ్వు వరుస చెడగొట్టలే."

పదవి నిలిచినందుకు రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏంది, సప్పుడు జేస్తలేవని అవ్వ అడిగింది. వింటున్నానన్నాను.