తెర మీద పత్తి ఏరే అక్క

మా ఇంట్లోకి కంప్యూటర్ వచ్చిన రోజు, మా అత్త దాని ముందు నిలబడి అడిగిన మొదటి మాట "ఈయమ్మ యెవురు?" అని.

మాది ఎమ్మిగనూరు. అత్త మగ్గం నేస్తుంది. చీరల అంచులకు, బుటాలకు నేను డిజైన్లు గీస్తాను. అంతకుముందు గళ్ల కాగితం మీద పెన్సిల్‌తో గీసేదాన్ని. ఒక గడి తప్పితే రబ్బరుతో చెరిపి చెరిపి కాగితమే చిరిగిపోయేది. కంప్యూటర్‌లో అయితే ఆ బాధ ఉండదని ఎవరో చెబితే, ఆదోనిలో పాతవి అమ్మే దుకాణానికి వెళ్లి ఒకటి కొన్నాను. బస్సులో తెరను ఒళ్లో పెట్టుకుని, పెట్టెను కాళ్ల మధ్య ఇరికించుకుని తెచ్చుకున్నాను.

స్విచ్ వేయగానే తెర నిండా ఒక ఫొటో వచ్చింది. పెద్ద పత్తి కుప్ప, దాని ముందు కూర్చుని పత్తి ఏరుతున్న ఆడవాళ్లు. అందరూ తలలు వంచుకుని పనిలో ఉన్నారు. ఒకామె మాత్రం తలకు గుడ్డ చుట్టుకుని, సూటిగా మనవైపు చూస్తూ నవ్వుతోంది. కనుబొమల మీద కూడా దూది నూగు. ఒక మీట నొక్కితే ఫొటో మసకబారి, ఒక గుండ్రటి చట్రంలో ముఖం లేని మనిషి బొమ్మ, దాని కింద 'ఆఫీస్' అన్న పేరు వచ్చాయి. ఇంకో నొక్కు నొక్కితే లోపలికి పోవడమే.

"తెలీదత్తా. ముందు ఎవరి దగ్గర ఉన్న కంప్యూటరో ఏమో" అన్నాను.

ఆ ఫొటో తీసేసి మా మగ్గం ఫొటో పెట్టుకుందామని నా ఆలోచన. లోపలికి వెళ్లి, ఖాళీ చోట మౌస్ కుడి మీట నొక్కి, కనిపించిన దాన్నల్లా తెరిచి చూసి, ఎట్లాగో మగ్గం బొమ్మ పెట్టాను. తెల్లారి స్విచ్ వేస్తే మళ్లీ ఆమే నవ్వుతూ కనిపించింది. లోపలి గోడకు సున్నం కొట్టి, వీధి గోడ తెల్లగా కాలేదేమని చూసినట్టయింది నా పని. లోపలి బొమ్మ వేరు, వాకిటి బొమ్మ వేరు అని అప్పుడు తెలిసింది. సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్, అందులో లాక్ స్క్రీన్ అనేచోట ఉంది ఆ వాకిటి బొమ్మ. సంతోషంగా మార్చబోతుంటే వెనక నుంచి అత్త ఆపింది.

"ఏం సేస్తాండావు?"

"ఈ ఫొటో తీసేస్తాన్నానత్తా."

"ఉండనీమ్మా. పొద్దున్నే మన మొగం సూసి నవ్వుతాది. యెవురో ఏమో తెలుసుకోకుండా తీసేస్తే యెట్ల?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

వాకిలి సంగతి తెలిశాక, మూసేటప్పుడు వచ్చే తెర సంగతేమిటో చూడాలనిపించింది. షట్ డౌన్ నొక్కితే తెర నిండా ఒకటే రంగు, మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు. అక్షరాలు మార్చే దారి నాకు దొరకలేదు. రంగు మాత్రం మారింది, అదే పర్సనలైజేషన్‌లో రంగుల దగ్గర. అత్త మగ్గం మీద ఉన్న చీర మెరూన్ రంగుది కాబట్టి అదే పెట్టాను. ఇంకా వెతుకుతుంటే ఇంకో సంగతి బయటపడింది. కంప్యూటర్‌లోనే దాగి ఉన్న చిన్న ప్రోగ్రామ్ ఒకటి నడిపితే, ఆ వాకిటి బొమ్మే పైనుంచి పరదాలాగా సగం దాకా జారి నిలబడుతుంది. మౌస్‌తో పట్టుకుని కిందికి లాగితే కంప్యూటర్ ఆగిపోతుంది. పైకి నెడితే మళ్లీ పని చేసుకోవచ్చు. దాన్ని సులువుగా నడపడానికి లోపలి బొమ్మ మీద ఒక గుర్తు పెట్టుకున్నాను.

అత్తకు చదువు రాదు. ఆ గుర్తు నొక్కి, మౌస్ ఆమె చేతిలో పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని లాగింది. పత్తి కుప్ప, ఆడవాళ్లు అందరూ కిందికి దిగారు, తెర ఆరిపోయింది.

"అంగడి షట్టర్ మాదిరి ఉండాదే!" అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ రోజు నుంచి సాయంత్రం కంప్యూటర్ మూసే పని ఆమెదే. మూసేముందు మాత్రం "యెవురో కనుక్కున్నావా?" అని అడిగేది.

చివరికి దుకాణానికి ఫోన్ చేశాను.

"అది స్టేషన్ దారిలో ఉండే పత్తి జిన్నింగ్ మిల్లు ఆఫీసుదక్కా" అన్నాడు దుకాణం అతను. "ఫైళ్లన్నీ తీసేసినా. బొమ్మ ఆడనే మిగిలిపోయినట్టుండాది."

చీరలు ఇవ్వడానికి ఆదోని వెళ్లినప్పుడు, తెరను ఫోన్‌తో ఫొటో తీసుకుని ఆ మిల్లుకు పోయాను. మధ్యాహ్నం. షెడ్డు నీడలో ఆడవాళ్లు జొన్నరొట్టెలు తింటున్నారు. ఫోన్ చూపించగానే నలుగురూ మూగి, అదిగో నీ జడ, ఇదిగో నా చెయ్యి అని ఒకటే గోల. ఒకామె లేచి గట్టిగా పిలిచింది.

"యాడుండావక్కా? ఇట్లా రా! నిన్ను ఎతుక్కుంటా వచ్చినారు!"

కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషి తిరిగి చూసింది. అదే ముఖం. కాస్త చిక్కింది. దేవనకొండ దగ్గరి పల్లె ఆమెది, పత్తి పని ఉన్నన్నాళ్లు ఇక్కడ ఉంటుందట. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసుకుంది.

"ఇది గుమాస్తా తీసింది. ఇస్తానన్నాడు, ఇయ్యనే లేదు. నీకెట్లా దొరికె?"

ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే మొదట మీ ఫొటోనే వచ్చేదని, ఇప్పుడు మా ఇంట్లో వస్తోందని, మా అత్త రోజూ చూస్తుందని చెప్పాను. ఆమె ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూసింది.

"ఆ రూములోకి నేను ఒక్కపారి కూడా పోలేదుమ్మా. గడప కాడ నిలబడి సంతకం పెట్టి వచ్చేదాన్ని. లోపల నేనే ఉండానా?" అని పకపకా నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. తర్వాత అడిగింది, "మీ అత్త నన్ను సూసి ఏమంటాది?"

"ఎవరో తెలుసుకోకుండా తీసేయొద్దంటోందక్కా. మీరు తీసేయమంటే తీసేస్తాను."

"వద్దు, ఉండనీ. ఆయమ్మ బొమ్మ కూడా పెట్టు. నేనొక్కదాన్నే యెంతసేపు నవ్వేది?"

ఇంటికొచ్చి ఆ పని మొదలుపెట్టాను. వాకిటి బొమ్మ స్థలంలో ఆ అక్క ఉంది, అత్తకు వేరే చోటు వెతకాలి. అప్పుడు పేరు పైన ముఖం లేకుండా ఉన్న ఆ గుండ్రటి చట్రం గుర్తొచ్చింది. అది మార్చే చోటు వేరే, అకౌంట్స్‌లో. మగ్గం దగ్గర అత్త ఫొటో తీసి అందులో పెట్టాను. 'ఆఫీస్' తీసేసి 'మగ్గం ఇల్లు' అని తెలుగులో రాశాను.

"నన్ను బొట్టుబిళ్ల మాదిరి కత్తిరించినావే!" అంది అత్త. అయినా ఇరుగుపొరుగును పిలిచి చూపించింది.

ఒక ఆదివారం ఆ అక్క బస్సెక్కి ఎమ్మిగనూరు వచ్చింది. మిల్లు దగ్గర మా ఇల్లు ఎక్కడో చెప్పి, రమ్మని ఊరికే అన్నాను, నిజంగా వస్తుందనుకోలేదు. అత్త ఆమెను చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది, ఎప్పటి నుంచో ఎరిగిన మనిషిని తెచ్చినట్టు. మగ్గం దగ్గర నిలబడి ఆమె నూలు పట్టి చూసింది.

"ఇది మీ పత్తేనేమో" అంది అత్త.

"యెవురికి తెల్సు? లారీ ఎక్కేదాకనే మేము సూసేది. ఆడి నుంచి యాడికి పోతాదో" అంది ఆమె, దారాన్ని ఇంకా వేళ్ల మధ్య నలుపుతూ.

తర్వాత కంప్యూటర్ ముందు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. తెర వెలిగింది. తన ముఖం అంత పెద్దగా కనిపించేసరికి ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను లోపలికి వెళ్లి ఆ గుర్తు నొక్కేసరికే, మౌస్ ఎట్లా పట్టుకోవాలో అత్త ఆమెకు నేర్పుతోంది. "గట్టిగా కాదు, మగ్గంలో దారం నాడెను పట్టుకున్నట్టు మెల్లగ. ఆ, ఇప్పుడు లాగు."

ఆమె లాగింది. తన ముఖం తన చేతి కిందే దిగి, తెర మెరూన్ రంగుకు తిరిగి ఆరిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఇంగొకసారి ఎయ్యి" అంది అత్త నాతో.

వేశాను. ఆ రోజు నేను పూర్తి చేయాల్సిన అంచు డిజైన్ అట్లాగే ఉండిపోయింది. వాళ్లు కంప్యూటర్‌ను తెరుస్తూ, మూస్తూ, మధ్యలో టీ తాగుతూ చివరి బస్సు వేళ దాకా కూర్చున్నారు.