ఎడమచేతి ముడి

1979. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నంద్యాల బస్టాండు వెనక వీధిలో మాది మోటార్ల రివైండింగ్ షాపు. కాలిపోయిన మోటారులోని పాత రాగితీగ పీకేసి కొత్తది చుట్టడమే రివైండింగ్. వానల్లేని ఏడు రైతులకు కష్టకాలం, మాకు ఊపిరాడని కాలం.

నాకప్పుడు నలభై దాటాయి. చేతికింద నలుగురు కుర్రవాళ్లు. వాళ్లకు పనంటే భయమూ భక్తీ లేవని రోజూ సణిగేవాణ్ణి. వాళ్లను దారిలో పెట్టాలని ఒక పద్ధతి కూడా తెచ్చాను. చుట్టినవాడు తన పేరు చీటీ మీద రాసి తీగల మధ్య దోపాలి. మోటారు తిరిగొస్తే దొంగ దొరికిపోతాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వాళ్లలో మస్తాన్ పెద్దవాడు. ఇరవై ఒక్కేళ్లు, మాట తక్కువ. ఐదు హార్స్‌పవర్ మోటార్లన్నీ వాడి చేతి మీదుగానే పోయేవి.

ఒకరోజు ఉదయాన్నే ఆళ్లగడ్డ వైపు నుంచి ఓబులేసు అనే రైతు వచ్చి, గోనెసంచిలో తెచ్చిన మోటారును గడప మీద దించాడు. మా దగ్గర చుట్టించుకుని పది రోజులే అయింది.

"ఏందప్పా ఇది? నిన్న పొగొచ్చి నిలబడిపాయ. మిరప నారు నాటి నాలుగు దినాలు. రెండెకరాలు. ఇంకో రెండు దినాలు నీళ్లు లేకుంటే ఎండిపోతాది. మళ్లీ నాటుదామంటే నారు గూడ లేదు. నేను యాడికి పోయేది?"

 నాకు తల కొట్టేసినట్టయింది. ఐదు హార్స్‌పవర్ కదా, మస్తాన్‌ను పిలిచి అందరి ముందూ దులిపేశాను.

"వార్నీష్ సరిగ్గా ఆరనిచ్చినావారా? తినే అన్నానికి న్యాయం చేయొద్దా? మీ కాలపోళ్లకు బాధ్యత అనే మాటే తెలీదు."

తీగ చుట్టాక వార్నీష్ పోసి, బల్బులు వెలిగే రేకు పెట్టెలో ఒక పగలూ రాత్రీ ఆరబెట్టాలి. పచ్చిగా ఉండగా బిగిస్తే చెమ్మకు లోపల కాలిపోతుంది.

మస్తాన్ మోటారు మూత విప్పి లోపలికి చూశాడు. తలెత్తి నా వైపు చూశాడు. ఆ తర్వాత ఓబులేసును అడిగాడు.

"మీ బాయి కాడ పాత కపిలి ఉందా?"

ఎద్దులతో తోలు బానను లాగించి బావిలో నీళ్లు తోడే కపిలిని మోటార్లు వచ్చాక అందరూ మూలన పడేశారు.

"ఉండాది. తోలు గట్టిపడింటాది."

"నూనె పూద్దాం పద. మోటారు వచ్చేదాకా నేను తోల్తా."

ఇద్దరూ అప్పుడే బస్సెక్కారు. సీజన్ కావడంతో బదులివ్వడానికి షాపులో ఇంకో మోటారు లేదు.

నేను పాత తీగ పీకడం మొదలుపెట్టాను. ఒక పక్కే మాడింది. రెండో పక్క చీటీ చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద ఉన్నది నా పేరు.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క పెళ్లికని మస్తాన్ గోస్పాడు పోయి మూడు రోజులు లేకపోతే ఆ మోటారు నేనే చుట్టాను. ఓబులేసు బామ్మర్ది మోటారు కోసం వచ్చి, బస్సుకు టైమైందని తొందర పెడుతుంటే, సగం ఆరినదాన్ని పెట్టెలోంచి తీసి ఇచ్చేసింది నేనే.  చీటీని ఉండ చేసి జేబులో వేసుకున్నాను.

ఈసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని చుట్టి, పూర్తిగా ఆరబెట్టి, మూడో రోజు నేనే ఆళ్లగడ్డ బస్సులో వేసుకుని వెళ్లాను. మస్తాన్ ఎద్దుల వెనక నడుస్తున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి గుడ్డ చుట్టుకున్నాడు. మొక్కలు తలెత్తుకుని ఉన్నాయి. ఓబులేసు నా చెయ్యి పట్టుకున్నాడు.

"మంచి పిల్లోన్ని తయారు చేసినావప్పా. తప్పు చేసినా తప్పించుకోలే."

ఆ క్షణం నోరు తెరవాల్సింది. నేను నవ్వాను. సిగ్గులేకుండా ఆ మెప్పు కూడా తీసుకున్నాను. మస్తాన్ అప్పటికే మోటారు దించుకుని, తల వంచుకుని బోల్టులు బిగిస్తున్నాడు.

తిరుగు బస్సులో ఉండబట్టలేకపోయాను.

"మస్తానూ, ఆ మోటారు..."

"తెలుసులేన్నా. మూత తీసినప్పుడే చూసినా. ఎడమచేత్తో తీగకు ముడేసేది మన షాపులో నువ్వొక్కడివే."

"మరి ఆ పొద్దు చెప్పొచ్చు కదరా?"

వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "నువ్వే చెప్తావనుకున్యా."

నెల తిరక్కుండానే పని మానేశాడు. కోపంగా కాదు, పనిముట్లన్నీ తుడిచి, దేని చోట అది పెట్టి మరీ వెళ్లాడు. ఆళ్లగడ్డలో చిన్న షాపు పెట్టుకున్నాడని విన్నాను. ఆ దారిన ఎన్నోసార్లు బస్సులో పోయాను గానీ దిగలేదు. వెళ్తే ఏం చెప్పాలో తెలియక కాదు, తెలిసే.

1986లో ధైర్యం చేసి దిగాను. ఆ గదిలో సైకిళ్లు బాగుచేస్తున్నారు. మస్తాన్ ఏడాది కిందటే అత్తగారి ఊరి వైపు, బళ్లారి పక్కకు వెళ్లిపోయాడన్నారు. ఏ ఊరో చెప్పలేకపోయారు. కాళ్లు ఓబులేసు తోటకు దారి తీశాయి. ఆయన చెంబుతో నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. తాగీ తాగకముందే చెప్పేశాను, ఆనాటి తప్పు నాదేనని.

ఆయన నా చేతిలోని చెంబు తీసుకుని పక్కన పెట్టాడు.

"ఈ మాట ఇప్పుడు నాకెందుకు చెప్తాండావప్పా? నా మిరప నిలబడింది. వినాల్సిన పిల్లోడు ఆ పొద్దు ఈడనే, నీ పక్కనే ఉన్యాడు గదా."

ఈ కాలం కుర్రవాళ్లకు బాధ్యత లేదని ఎవరైనా అంటే నేనిప్పుడు తలూపను. బాధ్యత నేర్పాల్సినవాడిగా ఆ పొద్దు నేనేం చేశానో నాకు తెలుసు. ఐదు హార్స్‌పవర్ మోటారు వస్తే ఇప్పటికీ "మస్తానూ" అని పిలవబోయి ఆగిపోతాను. వాడు తిరిగొచ్చి పని చేయాలని కాదు. నలుగురి ముందూ తిట్టిన ఆ గడప మీదే వాణ్ణి ఒక్కసారి నిలబెట్టుకుని, ఆ నలుగురికీ వినబడేట్టు తప్పు నాదిరా అని చెప్పాలని.