మా మామయ్య ఫోన్ తాజాగానే ఉంది

మా మామయ్యకి దేవుడు అన్నీ ఇచ్చాడు, ఒక్క అప్‌డేట్ తప్ప.

మామయ్య అంటే మా అమ్మకి తమ్ముడు. డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. కార్లు ఆయన నేర్పుతాడు, స్కూటర్లు నేను నేర్పుతాను. మనిషి బంగారం. కాకపోతే ఆ బంగారానికి ఒకే ఒక్క పిచ్చి: తన ఫోన్‌కి రావలసిన కొత్త వెర్షన్ ఇంకా ఎందుకు రాలేదని. పొద్దున్న లేవగానే లోకమంతా ముఖం కడుక్కుంటుంది. ఆయన సెట్టింగ్స్ తెరుస్తాడు. కిందికంటా జారి, అప్‌డేట్ అన్న చోట నొక్కి, ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. చిన్న చక్రం గిర్రున తిరుగుతుంది. తిరిగి తిరిగి, "మీ ఫోన్ తాజాగా ఉంది" అంటుంది.

అంతే, ఒంటికాలి మీద లేస్తాడు.

"తాజాగా ఉందిట! కిందటేడు కోసిన వంకాయని బుట్టలో పెట్టుకుని తాజాగా ఉందన్నట్టు! ఎవరి చెవుల్లో పూలు పెడుతున్నారు?"

"ఆ ఫోన్ని చూసినంత పరీక్షగా నన్నెప్పుడైనా చూశారా?" అంటుంది అత్తయ్య వంటింట్లోంచి.

"నీకు కొత్త వెర్షన్ ఇస్తామని ఎవరూ ప్రకటించలేదు కదే!"

"మీకు మాత్రం వచ్చిందా? పెళ్ళినాడు ఎలా ఉన్నారో ఇప్పుడూ అదే. పైగా బ్యాటరీ దిగిపోయింది."

ఆ ఫోన్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో ఒక ప్రకటన చేసింది: కొత్త వెర్షన్ "త్వరలో, విడతలవారీగా" అందరికీ అందుతుందని. ఆనాటి నుంచి ఆ రెండు మాటలూ మా ఇంట్లో బూతుల కింద జమ. ఒకసారి నేను నోరు జారి, "కాఫీ త్వరలో తెస్తా మామయ్యా" అన్నాను. చెప్పులేసుకుని వీధి చివర కొట్టుకి వెళ్ళి తాగొచ్చాడు. అత్తయ్యకి ఒళ్ళు మండినప్పుడు మాత్రం కావాలని వాడుతుంది: "కూర ఇప్పుడు, పులుసు తర్వాత. ఈ పూట వడ్డన విడతలవారీగా."

గోరుచుట్టు మీద రోకలిపోటులా, మా ఎదురు మేడలో ఉండే పళ్ళ డాక్టరుకి అప్‌డేట్ వచ్చేసింది. ఆయనదీ అదే ఫోన్, అదే రంగు. మామయ్యకి ఆ వార్త తెలిసిన రోజు అన్నం సయించలేదు. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఏ పన్నండీ నొప్పి?" అన్నాడు డాక్టరు.

"ముందు మీ ఫోన్ చూపించండి."

"నోరు తెరవండి."

"మీరు సెట్టింగ్స్ తెరవండి, నేను నోరు తెరుస్తాను."

డాక్టరు మెత్తటి మనిషి. చేతి తొడుగు తీసి ఫోన్ ఇచ్చాడు. నోట్లో అద్దమూ కొక్కెమూ పెట్టించుకుని మామయ్య ఆ ఫోన్‌లో కొత్త అక్షరాలూ కొత్త బొమ్మలూ అన్నీ చూశాడు. "ఆఆ... ఊఊ..." అని ఏడ్చినట్టు మూలిగాడు. నిజంగానే నొప్పి అనుకుని డాక్టరు నిక్షేపంలాంటి పన్ను ఒకటి పీకబోయాడు. దేవుడి దయవల్ల సరిగ్గా సమయానికి ఫోన్ మోగింది.

ఆ పరిచయంతో డాక్టరు మా దగ్గర కారు నేర్చుకోవడానికి చేరాడు. చేరినవాడు ఊరుకోకుండా, "నాకొచ్చి మీకు రాకపోవడం అన్యాయమండీ. కస్టమర్ కేర్‌కి ఫోన్ చెయ్యండి" అని సలహా ఇచ్చాడు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టయింది.

మొదటి ఫోన్ కార్లోంచే చేశాడు. డాక్టరు చేతిలో స్టీరింగు, మామయ్య కాలి కింద రెండో బ్రేకు, ఇద్దరి మధ్యా స్పీకర్లో కస్టమర్ కేర్ అమ్మాయి. వెనక సీట్లో నేను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. ఎర్రలైటు దగ్గర ఆగాం.

"ఇంకా ఎంతకాలం ఇలా నిలబడి ఉంటారు? కదలండి ముందుకి!" అని మామయ్య కంపెనీని గద్దించాడు.

డాక్టరు ముందుకి కదిలాడు.

"మిమ్మల్ని కాదండీ!" అని మామయ్య బ్రేకు తొక్కాడు.

"నన్ను కాదా సర్?" అంది ఫోన్లో అమ్మాయి, ప్రాణం లేచొచ్చినట్టు.

"నిన్నేనమ్మా! ఆయన్ని కాదు! వెనక్కి తీసుకోండి, వెనక్కి!"

"అమ్మేసిన ఫోన్ వెనక్కి తీసుకోవడం కుదరదు సర్."

ఈలోగా డాక్టరు మాత్రం చెప్పిన మాట విని వెనక్కి తీసుకున్నాడు. దారి పక్కనున్న చెత్తడబ్బా ధడేలున పడింది. "అదేం చప్పుడు సర్?" అంది అమ్మాయి. "మీ అప్‌డేటమ్మా, త్వరలో వచ్చేసింది!" అన్నాడు మామయ్య.

కార్లోంచి ఫోన్ చేస్తే పని మానేస్తానని నేను ఖరాఖండిగా చెప్పాను. కార్లో మానేశాడు. కొన్నాళ్ళకి ఆ ముహూర్తం మధ్యాహ్న భోజనాల వేళకి మార్చాడు. ఇది ఇంకా అన్యాయం. అత్తయ్య వేడివేడిగా కంచంలో వడ్డించేది. ఈయన సరిగ్గా అప్పుడే ఫోన్ తీసుకుని వరండాలోకి పోయేవాడు. మొదట ఏదో గొణిగేవాడు. ఆ తర్వాత హోల్డ్‌లో పెట్టినప్పుడు వినిపించే పాట మొదలయ్యేది. ఈయన అరుపులు అసలు మొదలయ్యేది అప్పుడే!

"రాతియుగంలో ఉన్నాను నేను! రాతియుగంలో! రాళ్ళు రాసుకుని నిప్పు రాజేసుకుంటున్నాను!"

"మామయ్యా, అవతల ఎవరూ లేరు. అది ఉత్త పాట" అని నేను గుర్తుచేసేదాన్ని.

"నీకు తెలీదు, నువ్వు పో" అని సైగ చేసి, ఆ పాటని పట్టుకుని మళ్ళీ తిట్టేవాడు. పాట నిమ్మకు నీరెత్తినట్టు తన దారిన తాను సాగిపోయేది. లోపల కంచంలో అన్నం చల్లారి గట్టిపడేది. అత్తయ్య మొహం కూడా దాంతోపాటే.

చివరికి అత్తయ్య తెగించింది. మామయ్యకి చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళి, పెట్టెలోంచి తీస్తూనే సరికొత్త వెర్షన్‌తో వెలిగిపోయే ఫోన్ ఒకటి కొన్నది. ఆ పూట ఆవిడ ముఖం చూడాలి. పెళ్ళికూతురిలా సిగ్గుపడుతూ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇంక దేనికీ దేబిరించక్కర్లేదు. హాయిగా కూర్చుని వేడన్నం తినండి."

మామయ్య ఎగిరి గంతేస్తాడనుకున్నాం. పాలిపోయాడు.

"అప్‌డేట్... దీనికి అన్నీ ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి."

"ఒక్క లోపం కూడా లేదా?"

"లేదండీ బాబూ!"

"అయితే నాకొద్దు" అన్నాడు.

ఆయన నేల చూపులు చూస్తూ, "నువ్వు వాడుకో. నీకు బాగుంటుంది" అని, పాత ఫోన్ జేబులో వేసుకుని బయటికి జారుకున్నాడు. అత్తయ్యకి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆనాటి నుంచి ఆయనతో మాటలు బంద్. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మధ్యలో రాయబారిని నేను.

"మీ మామయ్యతో చెప్పు, కంచం పెట్టానని."

"మీ అత్తయ్యతో చెప్పు, ఫోన్ చేసి వస్తానని."

"మీ మామయ్యతో చెప్పు, ఆ ఫోన్నే కలుపుకు తినమని."

మంచి ఫోన్ కాళ్ళ దగ్గరికొస్తే తన్నేసి, రాని అప్‌డేట్ కోసం పాటని తిట్టే మనిషికి నిజంగానే మతి తప్పిందని నేనూ అనుకున్నాను. డాక్టరు కూడా అంతే. "ఇది పళ్ళకి సంబంధించింది కాదమ్మా, ఇంకాస్త పైన" అన్నాడు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం స్కూటర్ నేర్చుకోవడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమధ్యే ఉద్యోగం ఈ వూరికి మారిందట. మా స్కూలు ఆఫీసు గదిలో బల్ల ముందు కూర్చుని ఫారం నింపుతోంది. మామయ్య ఆ పూట భోజనానికి ఇంటికి రాకపోతే క్యారియర్ తెచ్చిన అత్తయ్య మూతి ముడుచుకుని ఓ పక్కన నిలబడి ఉంది. ఇంతలో వరండాలోంచి మామయ్య గొంతు ఖంగుమంది.

"రాతియుగంలో ఉన్నాను నేను!"

ఆ అమ్మాయి కరెంటు తగిలినట్టు లేచి నిలబడింది. కలం పడిపోయింది. "నమస్కారం సర్, మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?" అని గడగడా అప్పజెప్పేసింది, గోడకున్న ట్రాఫిక్ గుర్తుల పటానికి.

నేనూ అత్తయ్యా ముఖాలు చూసుకున్నాం.

"ఆయన... ఆయన భోజనాల బాబాయి కదూ?" అంది ఆ అమ్మాయి, కళ్ళింత చేసుకుని.

"ఏ బాబాయి?"

"మా కాల్ సెంటర్లో అందరం అలాగే అంటామండీ! మొదట్లో కార్లోంచి ఫోన్ చేశారు, ఏదో డబ్బా పడిపోయింది. నాకు నవ్వాగక పొలమారింది. కొన్నాళ్ళకి మళ్ళీ ఆయన ఫోన్ నాకే తగిలింది. చెడామడా తిట్టి, మధ్యలో ఆగి, 'ఏమ్మా, గొంతు అలా ఎండిపోయిందేం? అన్నం తిన్నావా?' అన్నారు. లేదు సర్, వరసగా ఫోన్లు వస్తుంటే సీట్లోంచి లేవనివ్వరు అన్నాను. 'అయితే నన్ను హోల్డ్‌లో పెట్టి తినేసి రా. మీ పైవాళ్ళు ఎవరైనా వింటే అనుమానం రాకుండా నేనిక్కడ అరుస్తూ ఉంటాను' అన్నారు!"

అత్తయ్య క్యారియర్ బల్ల మీద పెట్టింది.

"అప్పట్నుంచి రోజూ అదే వేళకి చేస్తారండీ. ఎవరికి తగిలితే వాళ్ళకి ఆ పూట కడుపునిండా భోజనం. పైగా ఫోన్ పెట్టేశాక మార్కులు వెయ్యమని మెసేజ్ వస్తుంది కదా, అప్‌డేట్ రాలేదన్న కోపంతో అందరూ మాకు సున్నాలు వేస్తారు, మేమేదో దాన్ని పమిట కింద దాచుకున్నట్టు. ఆ సున్నాలకే నన్ను తీసేద్దామనుకున్నారు. ఈయన ఒక్కరే అన్ని తిట్లూ తిట్టి నిండుగా మార్కులేస్తారు. 'ఇంత మొండి మనిషిని కూడా మెప్పించారు' అని మా సూపర్‌వైజరు మమ్మల్ని మెచ్చుకుంటాడండీ!"

అరుపులు ముగించి, నుదుటి చెమట తుడుచుకుంటూ మామయ్య లోపలికి వచ్చాడు. ముగ్గురు ఆడవాళ్ళు గుడ్లప్పగించి చూస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమైంది? వచ్చేసిందా అప్‌డేట్?"

"ఇన్నాళ్ళూ నాతో ఒక్క ముక్క చెప్పచ్చుగా!" అంది అత్తయ్య. మాటలు బంద్ అన్న సంగతే మర్చిపోయింది.

సంగతి బయటపడిందని గ్రహించి మామయ్య దొంగలా తల గోక్కున్నాడు. "నీతో చెబితే వీధి వీధంతా టముకు వేస్తావు. అది నాలుగు చెవులూ తిరిగి కంపెనీదాకా పోతే, ఆ పిల్లల నోటి దగ్గర కూడు పోదూ? అయినా నేనేదో పుణ్యాత్ముణ్ణని ఎవరూ అనుకోనక్కర్లేదు. నా కోపం నిజం కోపమే. ఒక్క తిట్టు కూడా ఊరికే తిట్టలేదు. ఎలాగూ తిడుతున్నాను కదా, ఆ కాసేపట్లో వాళ్ళు నాలుగు ముద్దలు తింటే నా సొమ్మేం పోయింది?"

అత్తయ్య క్యారియర్ అందుకుంది. చల్లారిన కూర వెచ్చబెట్టడానికి పక్కగదిలోకి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ముక్కు చీదింది గాని, అది జలుబే అని తర్వాత వాదించింది.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది. ఆ వారంలోనే అప్‌డేట్ వచ్చిపడింది.

పొద్దున్నే మామయ్య పెట్టిన పొలికేకకి ఎదురు మేడలోంచి డాక్టరు నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. చక్రం తిరిగింది, ఫోన్ ఆరిపోయింది, మళ్ళీ వెలిగింది. కొత్త అక్షరాలు, కొత్త బొమ్మలు. మామయ్య ఆ ఫోన్ని పసిపిల్లలా ఎత్తుకుని ఇల్లంతా తిరిగాడు. తిరిగి తిరిగి, భోజనాల వేళ దగ్గరపడేసరికి డీలాపడి కుర్చీలో కూలబడ్డాడు.

"ఇప్పుడేమని ఫోన్ చెయ్యను?" అన్నాడు.

"ఏదో ఒకటి అను మామయ్యా, వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాను.

"అబద్ధం ఆడి తిట్టడం నావల్ల కాదే. తిడితే మనస్ఫూర్తిగా తిట్టాలి."

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి, ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కళ్ళజోడు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు తెర మీద అటూ ఇటూ వెతికింది. చటుక్కున ఒకచోట వేలు పెట్టింది.

"ఇదుగో! గడియారం కుడివైపు ఉండేది కదూ? ఎడమవైపుకి తోసేశారు!"

మామయ్య ముఖం చింకిచేటంత అయింది. "ఏదీ? అవునే! ఎవర్నడిగి తోశారు? నా గడియారాన్ని నన్నడక్కుండా ఎలా జరుపుతారు?" అంటూ ఫోన్ అందుకుని ఒక్క అంగలో వరండాలోకి దూకాడు.

కాసేపటికి హోల్డ్ పాట మొదలైంది. ఆ వెనకే మామయ్య గర్జన. అత్తయ్య ఆయన కంచం మీద మూత పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి తొంగి చూసింది.

"ఇంకొంచెం సాగదీయండి, పాపం ఇంకా పెరుగన్నంలోకి వచ్చి ఉండరు."