వరుస కలపని ఇద్దరు

మా చిన్నబిడ్డ పోయి నెల దాటింది. ముందు మామూలు జ్వరమే అన్నారు, తర్వాత ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. ఆస్పత్రిలో చేరిన ఆరో రోజు మధ్యాహ్నం పోయింది. ఇరవై ఏడేళ్లు. మీలో కొందరికి ఈ సంగతి ఇక్కడే తెలుస్తుండవచ్చు. మీ పిల్లలు సాయంత్రం పూట టీవీలో చూసే బొమ్మల సీరియల్‌లో ఆ బొమ్మలు పలికే తెలుగు మాటలు కొన్ని ఆమె రాసినవే. చివర్లో పేర్లు వేసేటప్పుడు ఎవరూ చూడరు కాబట్టి ఆమె మీకు తెలిసి ఉండదు.

ఆమెతో పనిచేసినవాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నామని, నన్నూ నాలుగు మాటలు రాయమని అడిగారు. ఐదో తరగతితో బడి మానేశాను. జాకెట్ల కొలతలు తప్ప ఏదీ ఇంత పొడుగు రాయలేదు. కానీ పదకొండో రోజున పదిమందిలో నేనొక పిల్ల గురించి తప్పు చెప్పాను. ఆ తప్పు సరిచేయాలని రాస్తున్నాను.

మేడ్చల్‌లో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషన్ ఉంటుంది. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. చిన్నబిడ్డ నగరంలో పని దొరికాక అల్వాల్‌లో గది తీసుకుని ఉండేది, సెలవురోజున లోకల్ రైల్లో వచ్చేది. వచ్చీ రాగానే చెప్పులు విప్పకుండా పొయ్యి దగ్గరికి పోయి గిన్నె మూత తీసి చూడటం అలవాటు. ఎన్నిసార్లు తిట్టినా మానలేదు.

ఆమె పని ఏమిటో మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. వేరే దేశంలో తీసిన బొమ్మల కథలు అవి. గాల్లో ఎగిరే వీరుడు, ఊరిని కూల్చాలని చూసే దుర్మార్గులు. బొమ్మ నోరు ఎంతసేపు ఆడితే మాట అంతే ఉండాలట. పెదాలు కలిసిన చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలట. ఇంటికి వచ్చినప్పుడు చప్పుడు తీసేసి బొమ్మను ఆడించేది. నేను కాజాలు కుడుతుంటే అడిగేది.

"అమ్మా, గీమెకు మస్తు కోపమొచ్చింది. నువ్వైతే ఏమంటవ్?"

"నీ బొక్కలు ఇరగ్గొడ్త అంట."

వేళ్ల మీద లెక్కపెట్టేది. "పొడుగైంది. జరంత కుదించు."

జాకెట్ చెయ్యి పొడుగైందని గిరాకీ చెప్పినట్టే చెప్పేది. ఒకరోజు నేను అన్న మాటే టీవీలో ఒక దుర్మార్గురాలి నోట వచ్చింది. పక్కింటి పిల్లలు నవ్వారు. నాకు మాత్రం మండింది.

"ఎగిరెటోడు పుస్తకం లెక్క మాట్లాడ్తడు, ఊరు కూలగొట్టేదానికి నా మాట పెడ్తవా?" అన్నాను.

"నేను పెట్టలేదమ్మా. చెడ్డోళ్లకు మన మాట పెట్టుమని ఆఫీసోళ్లే చెప్పిన్రు. గట్లయితే జనం నవ్వుతరట." అంతలోనే, "మంచిదే. నాకు వాళ్లే ఇష్టం. వాళ్ల నోట్లె నీ మాటే ఉండనీ" అంది.

ఆమెకు ఇష్టమైన ఆ దుర్మార్గులు ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె సీసాలో పొగమంచు పట్టుకుని తిరుగుతుంది. మూత తీస్తే ఊరంతా తెల్లగా కమ్ముకుంటుంది. ఇంకొకామెకు కుడిచేయి ఇనుముది, గోడలు పగలగొడుతుంది. ఇద్దరూ ఒక పాత నీళ్లట్యాంకు లోపల కాపురముంటారు. ప్రతి కథలోనూ చివరికి దొరికిపోతారు, అదీ ఒకే తీరుగా. ఇనుపచేతి ఆమె వలలో చిక్కుకుంటుంది. మంచు ఆమె తప్పించుకుని పోవచ్చు, దారి ఖాళీగానే ఉంటుంది. కానీ వెనక్కి తిరుగుతుంది.

"గింత తెలివి లేదా దానికి? ఎన్నిసార్లు దొరుకుతది?" అని నేను విసుక్కున్నాను.

"ఊరిని కాపాడెటోనికి తీరిక ఉండదమ్మా, ఒక్క మనిషి కోసం వెనక్కి తిరగనీకె. చెడ్డోళ్లకే ఉంటది" అంది.

అసలు కథలో ఆ ఇద్దరూ ఒకరినొకరు ముద్దుపేర్లతో పిలుచుకుంటారట. తెలుగులో "అక్కా" అని పెట్టమన్నారు. ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇంట్లో ఉంటే మన దగ్గర ఏదో ఒక వరుస కలపాలి కదా. నేనూ అదే అన్నాను.

"అక్కాచెల్లెండ్లే అయితరు గదనే. ఇంకేమయితరు?"

"కారమ్మా."

"దోస్తులా మరి?"

"చూడనోళ్లకు దోస్తులే. చూసెటోళ్లకు ఎరుకైతది. కథ రాసినోళ్లు నోరు తెరిచి చెప్పలే, గంతే. మంచోళ్లకైతే కథ అయిపోంగనే పెండ్లి చేస్తరు. చెడ్డోళ్లను ఎవరు పట్టించుకుంటరు? గందుకే వాళ్లను వాళ్ల తీరుగ ఉండనిస్తరు."

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. విన్నాను కానీ పట్టించుకోలేదు. అప్పుడే మా ఆయన వాకిట్లోంచి, "ఇగో, నీళ్లు తే" అన్నాడు. చిన్నబిడ్డ తలెత్తి చూసింది. తర్వాత పుస్తకంలో ఏదో కొట్టేసి ఏదో రాసుకుంది.

తర్వాతి నెల ఆ కథ టీవీలో వచ్చింది. ఇనుపచేతి ఆమె వలలో పడి, "ఇగో, నన్ను ఇడిసిపెట్టి పో" అంది. మంచు ఆమె, "పోను. ఏం జేస్తవో జేస్కో" అంది. అక్కా అన్న మాటే లేదు. ఆఫీసులో ఎవరూ తప్పు పట్టలేదట. మా ఇళ్లలో మొగుడూ పెళ్లాలూ పేరు పెట్టి పిలుచుకోరు, వరుస పెట్టీ పిలుచుకోరు. ముప్పై ఏళ్లుగా మా ఆయన నన్ను ఇగో అనే పిలుస్తాడు, నేనూ ఆయన్ను అంతే. చిన్నబిడ్డ చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగింది.

ఆ ఇనుపచేతి ఆమెకు గొంతు ఇచ్చిన పిల్లా, మా చిన్నబిడ్డా అల్వాల్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లు. నాలుగేళ్లు. ఆ పిల్ల మా ఇంటికి చాలాసార్లు వచ్చింది. బొమ్మలో అంత గొంతు చేసుకుని అరుస్తుందా, ఎదురుగా మాత్రం మాట పెగలదు. వచ్చిందంటే ఊరికే కూర్చోదు, నా పక్కన కూర్చుని, మిషన్ కుట్టు పడ్డాక ఇక అక్కర్లేని కచ్చా దారాలు జాకెట్ల నుంచి లాగేది. చిన్నబిడ్డ వంకాయ తినదు. ఆ పిల్ల మాట్లాడుతూనే ఆమె కంచంలోంచి వంకాయ ముక్కలు తీసి తన కంచంలో వేసుకునేది. ఈమె చూసేది కూడా కాదు. నేను అన్నీ చూశాను. దేవరయాంజాల్ నుంచి వచ్చిన పెళ్లి సంబంధం వద్దని చిన్నబిడ్డ అన్నరోజు కూడా ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంది, గిన్నెలు తోముతోంది. చేతిలో గిన్నె అట్లాగే పట్టుకుని నిలబడిపోయింది. అదీ చూశాను.

జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకుపోయింది ఆ పిల్లే. వార్డులో ఇంటివాళ్లే ఉండాలన్నారు. కాగితం మీద ఏమవుతారో రాయమంటే స్నేహితురాలు అని రాసింది, బయట కూర్చోమన్నారు. నేను వెళ్లేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది.

"చెల్లె అని రాయి. లోపలికి పంపుతరు" అన్నాను.

నా ముఖం చూసింది. రాసింది. పంపారు. ఐదు రోజులు పగలంతా మంచం పక్కనే ఉంది. అబద్ధమైనా పని జరిగిందని నేను అనుకున్నాను.

ఆఖరి రోజు నేను తడిబట్ట పిండుకొస్తుంటే, ఆ పిల్ల మంచం మీదికి వంగి, "ఇగో, కండ్లు తెరువు. ఇగో" అంటోంది. టీవీలో గొంతు కాదు అది, ఉత్త గొంతు. చిన్నబిడ్డ కళ్లు తెరిచింది. తెరిచి నన్ను కాదు, ఆ పిల్లను చూసింది. నేను తడిబట్ట పట్టుకుని అక్కడే నిలబడ్డాను. నాలుగేళ్లు చూసినవన్నీ అప్పుడు ఒకచోటికి వచ్చాయి.

అంత తెలిసీ పదకొండో రోజున తప్పు చేశాను. ఇల్లంతా చుట్టాలు. మా ఆయన అక్క, నాకు వదిన, షామీర్‌పేట నుంచి వచ్చింది. ఆ పిల్ల అందరికీ వడ్డిస్తోంది.

"ఇంటి మనిషి లెక్క తిరుగుతాంది. గా పిల్ల నీకేమయితది?" అని వదిన గట్టిగా అడిగింది.

"మా అక్క బిడ్డ" అన్నాను.

నోట్లోంచి అదే వచ్చింది. ఆస్పత్రిలో పనికొచ్చిన అబద్ధం ఇక్కడా పనికొస్తుందనుకున్నాను. ఆ పిల్ల విన్నది. చేతిలో పప్పు గిన్నె ఉంది. చివరి విస్తరి దాకా వడ్డించింది, గిన్నె కడిగి బోర్లించింది, వెళ్లొస్తానని చెప్పి పోయింది. తర్వాత రాలేదు. ఫోన్ చేస్తే, బాగున్నా ఆంటీ అనేది, అంతే.

నెలమాసికం ముందు రోజు నేను రైలెక్కి అల్వాల్ పోయాను. ఆ గదికి నేను అంతకుముందు పోలేదు. పిలిస్తే పని ఉందనేదాన్ని. తలుపు తీసి పక్కకు జరిగింది. లోపల ఒకటే బల్ల, రెండు కుర్చీలు. గోడ మీద చిన్నబిడ్డ గీసిన బొమ్మ ఉంది. ఆ ఇద్దరు దుర్మార్గులూ నీళ్లట్యాంకు అంచున కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. ఇనుపచేతి మీద తువ్వాలు ఆరేసి ఉంది. నాకు నవ్వొచ్చింది. ఆ పిల్లకూ వచ్చింది. తర్వాత ఇద్దరం ఏడ్చాం.

"రేపు రావాలె" అన్నాను.

"ఎవరి లెక్క రావాలె ఆంటీ? అక్కబిడ్డ లెక్కనా?" అంది. కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగింది.

"కాదు."

"అందరి ముందు చెప్తరా?"

"అడిగితే చెప్త."

ఆ పిల్ల లేచి చాయ్ పెట్టింది. మర్నాడు పొద్దున వచ్చింది.

వదిన ఊరుకునే మనిషి కాదు. విస్తరి ముందు కూర్చోగానే అందుకుంది.

"ఏమే, నీ అక్కకు ముగ్గురు కొడుకులే గద. మొన్నటి బిడ్డ యాడికెల్లి వచ్చింది?"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

"అబద్ధం చెప్పిన వదినె. మీ తమ్ముడు నన్నేమని పిలుస్తడు?"

"ఏమని పిలుస్తడు, ఇగో అంటడు."

"నా బిడ్డ గీ పిల్లను గట్లనే పిలిచేది. గీ పిల్ల దాన్ని గట్లనే పిలిచేది. నాలుగేండ్లు ఒక్కింట్ల ఉన్నరు. గంతే."

వదిన చేయి విస్తరి మీద అట్లాగే ఉంది. మా ఆయన నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనకు ముందుగా నేనేమీ చెప్పలేదు. చెంబు కింద పెట్టి, "ఇగో, ఇంకో ఇస్తరెయ్యి. గా పిల్ల పొద్దటి సంది ఏం తినలే" అన్నాడు.

వదిన ఇంకేం అడగలేదు. రెండు ముద్దలు తిని, చెయ్యి కడుక్కుని, షామీర్‌పేట బస్సుకు పోయింది. అప్పటి నుంచి ఫోన్ లేదు. చేస్తుందో లేదో తెలియదు. చిన్నబిడ్డ ఉన్నప్పుడే ఈ నాలుగు మాటలు నేను అనగలిగి ఉంటే ఆమె వినేది. అది మాత్రం నేను సరిచేయలేను.

ఇవన్నీ రాయనా అని ఆ పిల్లను అడిగాను. పేర్లు వద్దు, మిగిలింది రాయమంది. ఇప్పుడు సెలవురోజున వస్తోంది. చెప్పులు బయట విప్పి వస్తుంది, ఆ ఒక్క అలవాటు వేరు.

నిన్న సాయంత్రం నా పక్కన కూర్చుని ఉంది. పక్కింట్లో పిల్లలు టీవీ పెట్టారు, పాత కథే మళ్లీ వేస్తున్నారు. గోడ అవతల నుంచి పెద్ద గొంతు వచ్చింది. "ఇగో, నన్ను ఇడిసిపెట్టి పో." నేను మిషన్ ఆపాను. అవతల, "పోను. ఏం జేస్తవో జేస్కో" అని జవాబు వచ్చింది. నా పక్కన ఆ గొంతు గల పిల్ల తల వంచుకుని, పసుపు జాకెట్ చేతికి వేసిన కచ్చా దారాన్ని తెగకుండా మెల్లగా లాగుతోంది.