లామినేషన్ కింద పేరు

1998 జూన్‌లో మాదాపూర్‌లోని ఒక ప్రైవేటు ఆర్ట్ గ్యాలరీ పరిశోధనా గ్రంథాలయంలో ఆర్కైవిస్టుగా చేరాను. అంతకుముందు పదిహేడేళ్లు ప్రభుత్వ కొలువులో పాత దస్త్రాలు సర్దినదాన్ని. చుట్టూ బండలు పేల్చి ఆఫీసులు కడుతున్న రోజులవి. పొద్దున్నే వెళ్లి పెట్టెల మీద సిమెంటు దుమ్ము తుడవడంతో నా పని మొదలయ్యేది. నా పైన ఉన్నది డైరెక్టర్ గారొక్కరే. ఆయనకు కంప్యూటర్ అంటే భక్తి, పాత కాగితం అంటే చిరాకు.

ఆర్కైవ్స్‌కు ఏది వచ్చినా ముందు ప్రవేశ రిజిస్టరులో ఎక్కాలి. ఎవరిచ్చారు, ఎన్ని, ఏ స్థితిలో ఉన్నాయి అన్నది అందులో రాస్తాం. ఆ చలికాలంలో, కాలం చేసిన ఒక చిత్రకారుడి కుటుంబం ఆయన బొమ్మలు కొన్నీ, వాటి ఫొటోలున్న కట్ట ఒకటీ ఇచ్చింది. ప్రతి ఫొటో వెనకా ఆయన పెన్సిలుతో నాలుగు ముక్కలు రాసుకున్నారు. మూడింటి వెనక ‘యాదగిరి వేసినది’ అని ఉంది. చదివాను. వివరంగా తర్వాత రాద్దామని రిజిస్టరులో మాత్రం ‘ఫొటోలు, ఒక కట్ట’ అని రాసి సెలవు మీద వెళ్లాను.

పది రోజుల తర్వాత వచ్చి చూస్తే అరికాలి మంట నెత్తికెక్కింది. డైరెక్టర్ గారు పిలిపించిన స్కానింగు కాంట్రాక్టు వాళ్లు ఫొటోలను ముందు వైపు మాత్రమే సీడీలోకి ఎక్కించారు. తర్వాత ఒక్కోదాన్నీ తెల్లటి అట్టకు గోందుతో అంటించి, వేడి యంత్రంలో పెట్టి లామినేషన్ చేశారు. పిల్లల టెన్త్ సర్టిఫికెట్లకు చేయిస్తామే, అచ్చం అలాగే. డైరెక్టర్ గారు మురిసిపోతూ, “ఇంత నీటుగా చేయిస్తే మీకెందుకండీ కోపం? ఇక నీళ్లు పడ్డా చెక్కుచెదరవు” అన్నారు. తిరిగి విప్పలేని పని ఏ పత్రానికీ చేయకూడదన్నది మా వృత్తిలో మొదటి నియమం. అది ఆయనకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఆ బొమ్మలతో గ్యాలరీ పెట్టబోతున్న ప్రదర్శనకు వారం ముందు యాదగిరి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, బోరబండలో దుకాణాలకు బోర్డులు రాస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఆ చిత్రకారుడి దగ్గర శిష్యుడు. గోడకు తగిలించిన మూడు బొమ్మల ముందు నిలబడి, కింద చీటీల మీద గురువు పేరు చదివి, నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“మేడం, ఆ మూడు నేనేసినయి. సార్ పేరు తియ్యమంటలేను. నా పేరు గూడ పెట్టున్రి, గంతే.”

డైరెక్టర్ గారు రుజువు అడిగారు. ఫొటోల వెనక ఉందన్నాను. ఏదీ, చూపించమన్నారు. అట్ట విప్పాలంటే ఒప్పుకోలేదు. కప్పేసింది ఆయనే, కనబడటం లేదు కాబట్టి లేదన్నదీ ఆయనే. ఆ మాట ఎంత నిదానంగా అన్నారో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు మధ్యాహ్నం, అనుమతి లేకుండానే, ఒక ఫొటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. అంచులు బ్లేడుతో కోసి, వెనక ప్లాస్టిక్ లాగి, అట్టను తడి దూదితో పొరలు పొరలుగా తీశాను. పెన్సిలు రాత నీటికి పోదు. మూడు గంటల తర్వాత యాదగిరి పేరు బయటపడింది. కానీ ఫొటో ఉబ్బి, ముందువైపు సగం పొర ప్లాస్టిక్‌తో లేచిపోయింది.

ఆ రాత చూపించాక ఒక బొమ్మ కింద చీటీ మారింది. ఆర్కైవ్స్ ఆస్తిని పాడు చేసినందుకు నాకు మెమో వచ్చింది. లామినేషన్ చేసిన వాళ్లకు ప్రారంభోత్సవంలో శాలువా కప్పారు.

ప్రారంభోత్సవం నాడు యాదగిరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి తన పేరును రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత, “కడమ రెండు గూడ విప్పున్రి మేడం” అన్నాడు. విప్పితే ఆ ఫొటోలు కూడా మిగలవని, ఇక నన్ను వాటి దరిదాపులకు రానివ్వరని చెప్పాను.

“మరి మీరు చదివిన్రు గద?”

చదివాను, రాయలేదు అన్నాను.

తప్పు డైరెక్టర్ గారిది ఎంతో నాదీ అంతే. కాగితం చేతికొచ్చిన రోజే రెండు వైపులా చదివి, చదివింది చదివినట్టు రిజిస్టరులో ఎక్కించాలి. నాకప్పుడు పది నిమిషాలు పట్టేది. నేను రిటైరయ్యే నాటికి కూడా ఆ రెండు బొమ్మలు గురువు పేరు మీదే ఉన్నాయి.